గనీ సాబ్ సబ్బు పరీక్ష

మానుకోట స్టేషన్ రోడ్డులో అబ్దుల్ గనీ కుట్టిన ఆటో సీటు మీద కూర్చున్నవాడికి నడుము నొప్పి వచ్చిందంటే, లోపం సీటులో లేదు, ఆ నడుములోనే ఉంది. ఈ మాట గనీ చెప్పుకున్నదే అయినా ఊరు ఎప్పుడూ కాదనలేదు. ఒకసారి ఆయన సీటు వేసిన ఆటో తొర్రూరు దారిలో పల్టీ కొట్టి పొలంలో పడితే, లోపలున్న ముసలవ్వకు నిద్రాభంగం కాలేదట. జనం ఉరికొచ్చి లేపితే "మానుకోట వచ్చిందా నాయినా?" అని అడిగిందట. ఆ అవ్వది ఏ ఊరని మాత్రం గనీని అడగకండి. అడిగినప్పుడల్లా అవ్వ ఊరు మారుతుంది, ఆటో కొట్టిన పల్టీలు పెరుగుతాయి.

ఏడో తరగతిలో బడి మానేశాడు. సార్ల దగ్గరున్న చదువు అయిపోయింది కాబట్టి మానేశానని ఆయన అంటాడు. హెడ్మాస్టరు కుర్చీ మెత్తగా ఎందుకుందో చూద్దామని సీటు కోసి చూసినందుకు పంపేశారని ఇంట్లోవాళ్లు అంటారు. కుర్చీలో కొబ్బరి పీచు ఉంది. గనీ బతుకంతా ఆ పీచులోంచే మొలిచింది. మామ దగ్గర టాంగా సీట్లు నేర్చుకున్నాడు, తర్వాత రిక్షాలు, ఆ తర్వాత ఆటోలు, ట్రాక్టర్లు. భూపాలపల్లి బొగ్గు లారీల డ్రైవర్లు కూడా వచ్చి కుట్టించుకుంటారు. ఆ లారీల్లో బొగ్గు కూడా నిద్రపోతుందని గనీ ప్రచారం.

దుకాణంలో ఒక కట్టుబాటు ఉంది. ఏ సీటైనా గనీ స్వయంగా కూర్చుని, ఎగిరెగిరి చూడనిదే గడప దాటదు. ఆయన ఒడ్డూ పొడుగూ ఉన్న మనిషి. ఆయన బరువు ఓర్చుకున్న సీటుకు పెళ్లివారి గుంపు ఒక లెక్క కాదు.

ఇన్ని సీట్లకు చెయ్యి తగిలించిన మనిషిని ఒక్క వస్తువు దగ్గరికి మాత్రం రానిచ్చేవారు కాదు. రానివ్వనిది ఎవరో కాదు, ఆయన కన్నకూతురు అల్ఫియా. ఆ వస్తువు ఆమె గిటార్ పెడల్.

అల్ఫియా పెళ్లిళ్లకూ జాతరలకూ తిరిగే ఒక ఆర్కెస్ట్రాలో అప్పుడప్పుడూ గిటార్ వాయిస్తుంది. పెడల్ అంటే కాలితో నొక్కే చిన్న ఇనుప డబ్బీ. గిటార్‌కూ స్పీకర్‌కూ మధ్యలో ఉంటుంది. ఒక దాన్ని నొక్కితే గిటార్ గొంతు గరగరలాడుతుంది, ఇంకోదాన్ని నొక్కితే బావిలోంచి పలికినట్టు మారుమోగుతుంది. అల్ఫియా ట్యూషన్లు చెప్పుకుని మొదటి పెడల్ కొనుక్కున్న రోజున తండ్రి గుండె పొంగిపోయింది. పాప కాలు తగిలితే డబ్బీ జారకూడదని, తన దగ్గరున్న వాటిలో గట్టి ప్లైవుడ్ ముక్క తీసి, సీట్లకు వాడే పచ్చ గమ్ము పులిమి, డబ్బీని అదిమి అతికించాడు. ఆరాక దాని మీద నిలబడి కూడా చూశాడు. ఊడలేదు.

మరుసటి వారం పెడల్‌లో బ్యాటరీ అయిపోయింది. బ్యాటరీ మూత డబ్బీ అడుగున ఉంటుంది.

స్క్రూడ్రైవర్ పెట్టి పీకితే పెడల్ వచ్చింది గానీ, దాని అడుగు రేకు వంగింది. కింది రబ్బరు కాళ్లు, కంపెనీ స్టిక్కరు, నీలం రంగు అన్నీ ప్లైవుడ్ దగ్గరే ఉండిపోయాయి. అల్ఫియా కళ్లనీళ్లు పెట్టుకుంటే గనీ ఆ ప్లైవుడ్ ఎత్తి చూపించాడు.

"రేకు వంగింది బేటా, గమ్ము వంగిందా? పనితనం జర చూడు!"

"అబ్బా, ఇగ నా సామాను నువ్వు ముట్టొద్దు. కసమ్ చెయ్యి," అని తండ్రిని ఒట్టు అడిగింది అల్ఫియా.

"చేస్తి పో."

ఆ తర్వాత అల్ఫియా పెడల్స్‌ను తువ్వాలులో చుట్టుకుని పోయేది. స్టేజీ మీద నేలకే పెట్టుకునేది. జనగామలో ఒక పెళ్లిలో పాట మంచి ఊపులో ఉండగా కాలు తగిలి ఒక పెడల్ జారిపోయింది, తీగ ఊడింది, గిటార్ మూగదైంది. పాడే ఆవిడ ఒంటరిగా చరణం పూర్తి చేసి దిగిన తర్వాత అల్ఫియా వైపు చూసిన చూపుకు పెళ్లిమండపంలో పూలు వాడిపోయాయని గనీ చెబుతాడు. ఆయన ఆ పెళ్లికి పోలేదు.

ఆ ఆర్కెస్ట్రాకు అసలు గిటారిస్టు రఘునాథపల్లి ధర్మా. పొద్దున పత్తి చేలో ఉంటాడు, సాయంత్రం స్టేజీ మీద ఉంటాడు. అల్ఫియాకు గిటార్ పట్టుకోవడం నేర్పింది ఆయనే. ఈమధ్య వేళ్లు బిగుసుకుపోతున్నాయని, కాళేశ్వరంలో గోదావరి ఒడ్డున జరగబోయే కార్యక్రమానికి తన బదులు అల్ఫియాను పొమ్మన్నాడు. పొమ్మని, తన ఐదు పెడల్స్ కూడా చేతికిచ్చాడు. కొన్ననాటి నుంచీ ఒక్క గీత పడకుండా, ఒక్క స్టిక్కరు చిరగకుండా ఆయన కాపాడుకుంటున్న డబ్బీలవి.

"ఇగో బిడ్డా, ఎట్లిస్తున్ననో గట్లనే తేవాలె. కింద ఏ పట్టీ అతికియ్యొద్దు. రబ్బరు కాళ్లు పీకొద్దు. మరలు విప్పొద్దు. సామాను సూసుకున్నోళ్లకే నా జాగ ఇస్త. గీత పడ్డదనుకో, వరంగల్ పోరడు ఒకడు అడుగుతున్నడు, ఆన్నే పిలుస్త."

అల్ఫియా తువ్వాలు మూట ఒళ్లో పెట్టుకుని రైల్లో మానుకోటకు వచ్చింది. భోజనాల దగ్గర సంగతంతా తల్లి మెహనాజ్‌కు చెప్పింది. తండ్రి కూడా అక్కడే ఉన్నాడు గానీ, కూతురు తనకు చెప్పలేదు కాబట్టి విననట్టు అన్నం కలుపుకున్నాడు.

"నేల మీద పెడితే జారుతయి అమ్మీ. బోర్డుకు బిగియ్యాలె. అందరూ చర్రుమని ఊడే వెల్క్రో పట్టీ అతికిస్తరు. గదేమో అడుగున స్టిక్కరుకే అంటుకుంటది. ఇంటర్నెట్ల ఇంకోటి చూపిస్తున్నరు, సైకిల్ చైను ముక్కలు పెట్టి మరలేసుడు. దానికి డబ్బీ మరలే విప్పాలె. సార్ రెండూ వద్దన్నడు."

"అయితే ఎట్ల మరి?"

"ఏమో. పరేషానైతుంది."

గనీ నోట్లో ముద్ద అలాగే ఉండిపోయింది. జిల్లాలో బిగించడం తెలిసిన చేతులు ఏవైనా ఉంటే అవి ఆ పళ్లెంలోనే ఉన్నాయి. ఆ చేతులను అడిగేవారే లేరు. పోయి నవారు మంచం మీద వాలాడు. అది ఆయన తల్లి మంచం, ఆయన కంటే వయసులో పెద్దది. మామూలుగా వాలగానే గురక మొదలుపెట్టే మనిషి, ఆ మధ్యాహ్నం వేళ్లతో నవారు పట్టీలను మీటుతూ పడుకున్నాడు. ఇంతకాలం తన లాంటి శరీరాన్ని మోసిన పట్టీ. దీనికి మేకు లేదు, గమ్ము లేదు. పైనుంచి కిందికి పోయి, కింద బిగుసుకుంది, అంతే.

లేచి కూర్చున్నాడు. మంచం కిర్రుమంది.

"బేటా, నీ డబ్బీలు నేను ముట్టను. కసమ్ కసమే. జర కొలతలు చెప్తే చాలు."

"కొలతలతోని ఏం చేస్తవ్?"

"నీకెందుకు? చెప్పు."

అల్ఫియా అనుమానంగానే పొడవూ వెడల్పూ చెప్పింది. తెల్లారి మెహనాజ్ బట్టలు నానబెట్టి గూట్లో చెయ్యి పెడితే సబ్బులు లేవు.

"అజీ! బట్టల సబ్బులన్నీ ఏడవోయినయి?"

గనీ దుకాణంలో రెగ్జిన్ కోసే కత్తితో సబ్బులు చెక్కుతున్నాడు. ఒక్కో సబ్బు ఒక్కో పెడల్ కొలత. ఇనుము మీద గీత పడిందో లేదో వెతుక్కోవాలి. సబ్బు అయితే గోరు తగిలినా చాడీ చెబుతుందని ఆయన లెక్క. నేరుగా డబ్బీల మీద ప్రయోగం చేసే భాగ్యం ఆయనకు లేదు కదా.

బోర్డు కోసం దుకాణం మూలన పడున్న పాత మంచం పట్టెలు సన్నగా చీల్చి, మధ్య మధ్య సందులు వదిలి, ముందువైపు కాస్త వాలుగా కొట్టాడు. పైన కార్లలో కాళ్ల కింద వేసే గరుకు రబ్బరు పరిచాడు, పెడల్ రబ్బరు కాళ్లు జారకుండా. ఒక్కో సబ్బు నడుము మీంచి నవారు పట్టీ తీసుకుపోయి, సందులోంచి కిందికి దించి, మళ్లీ పైకి తెచ్చి, సబ్బు పక్కనే స్కూలు బ్యాగుల బకిల్‌తో బిగించాడు. తర్వాత గర్వంగా కూతురిని పిలిచాడు.

అల్ఫియా వచ్చి చూసి పకపకా నవ్వింది.

"అబ్బా, పట్టీ సరిగ్గ తీగ గుచ్చే బొక్క మీదికెళ్లి పోయింది. గిటార్ తీగ యాడ పెట్టాలె, నీ చెవుల పెట్టాల్నా?"

"సబ్బుకు బొక్క ఏడున్నది? ఉంటే కనవడేది."

ఆమె పెన్సిలుతో ప్రతి సబ్బుకూ చెవులు పొడిచింది, తిప్పే బుడిపెలు గీసింది, కాలు పడే చోట సున్నా చుట్టింది. సబ్బులకు మొహాలు వచ్చాయి. గనీ పట్టీలన్నీ విప్పి, ఈ మొహాల మధ్య ఖాళీ చోటు వెతుక్కుని మళ్లీ బిగించాడు. వెతికి వెతికి ఒక సబ్బుకు మాత్రం పట్టీని రెండుగా చీల్చి, బుడిపెకు అటొకటి ఇటొకటి పంపాడు. అలా వంగి కొలుస్తున్నప్పుడు కూతురు ఆయన పక్కనే కింద కూర్చుని ఉంది. ఇలా కూర్చుని చాలా రోజులైంది.

ఇక పరీక్ష. సీటైతే గనీ ఎక్కి ఎగురుతాడు. దీనికి వేరే పద్ధతి కావాలి. తండాలో ఉండే స్నేహితుడు అమర్‌సింగ్ ఆటో ఉండనే ఉంది. ఆయన తండాకు పోయే దారిలో రోడ్డు కంటే గుంతలు ఎక్కువ. ఆ గుంతల్లో ఒకదాంట్లో కిందటేడు దూకిన చక్రం ఇంకా పైకి రాలేదని చెప్పుకుంటారు.

"ఏంది గనీ భాయ్, సబ్బులకు సవారీ చేయిస్తున్నవా?"

"మాట్లాడకు. ఒక్క గుంత గూడ తప్పియ్యొద్దు. తప్పిస్తే నీ సీటు చింపుత."

అమర్‌సింగ్ ఒక్క గుంతను కూడా నొప్పించలేదు. అన్నిట్లోనూ దిగి పలకరించి పోయాడు. తండా మూల తిరుగుతుంటే ఒక సబ్బు ఎగిరి బయట పడింది. అమర్‌సింగ్ భార్య చాందీ బట్టలు ఉతుకుతూ అక్కడే ఉంది. ఆకాశం నుంచి వచ్చిన దాన్ని వాపసు ఇవ్వడం ఆమెకు తెలియదు.

"పడ్డ జాగ నాది, సబ్బు నాది. ఇంకోటి ఏస్తవా భాయ్?"

గనీ కింద కూర్చుని ఆ పట్టీనే చూశాడు. సబ్బు ఎక్కడ తప్పించుకుందో అక్కడ రబ్బరు నున్నగా ఉంది. మిగిలిన సబ్బుల మీద బకిల్ గాటు కనిపించింది. బకిల్‌ను పూర్తిగా బోర్డు కిందికి మార్చాడు. చుట్టూ సీటు స్పాంజితో మెత్తటి గట్టు కట్టాడు. నున్నటి రబ్బరు ముక్క తీసి గరుకుది వేసి, కొత్త సబ్బు చెక్కాడు. మళ్లీ అదే దారి.

ఈసారి తిరుగు ప్రయాణంలో వాన పడింది. మామూలు వాన కాదు. ఆటో పైకప్పు చిల్లుల్లోంచి నీళ్లు బోర్డు మీద పడ్డాయి, గుంతలు చిలికాయి, సబ్బులు నురగెత్తాయి. తండా నుంచి మానుకోట దాకా ఆటో వెనక తెల్లటి నురగ పారిందని, ఆ రోజు ఆ రోడ్డు మొదటిసారి శుభ్రంగా కనిపించిందని, గేదెలు తెల్లబడ్డాయని తర్వాత దుకాణంలో విన్నవాళ్లు విన్నారు. అందులో గేదెల సంగతి అమర్‌సింగ్ ఒప్పుకోడు.

కానీ ఇంటికి తెచ్చి పట్టీలు విప్పితే, తడిసి అరిగినా ఏ సబ్బూ చోటు కదలలేదు. నవారు ఒత్తిన చోట మెత్తటి నొక్కు ఉంది తప్ప గాటు లేదు. అల్ఫియా ఒక్కో సబ్బునూ వెలుగులో తిప్పి చూసింది. లోపలికి పోయి, తువ్వాలు మూట తెచ్చి, పెడల్స్‌ను తన చేత్తోనే ఒక్కొక్కటిగా బోర్డు మీద పెట్టి బిగించుకుంది. గనీ చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డాడు. కసమ్ ఉంది.

"కుడి దిక్కు జర గట్టిగ గుంజు. గట్ల కాదు... ఆఁ, గట్లనే. నేను ముడుతలేను, చూస్తున్నవ్ కద?"

"చూస్తున్న లే అబ్బా."

కాళేశ్వరానికి ఆర్కెస్ట్రా వ్యాను బయల్దేరిన రోజు గనీ కూడా ఎక్కాడు. తోడు రమ్మని ఎవరూ అడగలేదు. తన సీటు లేని వ్యానులో కూతురి నడుము ఏమవుతుందోనని బెంగ అన్నాడు. భూపాలపల్లి దాటేదాకా బొగ్గు లారీల వెనకే పోవాల్సి వచ్చింది. వ్యాను ఎగిరినప్పుడల్లా డోలకులూ కీబోర్డులూ కలిసి మూలిగాయి. బోర్డు మాత్రం నోరెత్తలేదు. గోదావరి కనిపించే చోట సామాను దింపుతుంటే, ఎవరో స్పీకరు లాగారు, దానితో పాటు బోర్డు కూడా వ్యాను మెట్ల మీంచి దొర్లి ఇసుకలో బోర్లా పడింది.

అల్ఫియా ఉన్న చోటనే నిలబడిపోయింది. గనీ పరుగెత్తాడు గానీ, దగ్గరికి పోయి చేతులు వెనక్కి లాగేసుకున్నాడు. కూతురే వచ్చి మోకాళ్ల మీద కూర్చుని మెల్లగా తిప్పింది. ఐదు డబ్బీలూ తొట్టెలో పిల్లల్లా పడుకుని ఉన్నాయి. అంచుకు కట్టిన స్పాంజిలో ఇసుక దిగింది, అంతే.

స్టేజీ మీద తీగలన్నీ గుచ్చి, జనం కూర్చుంటుండగా గిటార్ మీటితే శబ్దం సన్నగిల్లి, సన్నగిల్లి, పోయింది. మారుమోగించే పెడల్‌లో దీపం ఆరింది. బ్యాటరీ. మూత అడుగున.

పాడే ఆవిడ మైకు దగ్గరికి పోతోంది. జనగామ పెళ్లిలో చూసిన ఆ చూపు మళ్లీ సిద్ధమవుతోంది. అల్ఫియా చేతిలో గిటార్ ఉంది, ఒక తీగ ఇంకా శ్రుతికి రాలేదు. రెండు పనులకు రెండే చేతులు చాలవు. ఆమె స్టేజీ కిందికి చూసింది. గనీ అక్కడే ఉన్నాడు, చేతులు వెనక్కి కట్టుకుని.

"అబ్బా! జల్ది రా. ఎడమ దిక్కుది ఇప్పు, గిటార్ సంచిల కొత్త బ్యాటరీ ఉంది, మార్చు."

"నేనా?"

"ఇంకెవరు?"

గనీ చొక్కాకు చేతులు తుడుచుకున్నాడు. మళ్లీ తుడుచుకున్నాడు. స్టేజీ ఎక్కి, బోర్డు కిందికి చెయ్యి పోనిచ్చి బకిల్ నొక్కాడు. పట్టీ వదులైంది. పెడల్‌ను రెండు చేతులతో, వేడి గిన్నె కానిదాన్ని కూడా వేడి గిన్నెలా ఎత్తి, తిరగేసి, మూత తీసి, బ్యాటరీ మార్చి, ఉన్న చోట ఉన్నట్టే పెట్టి బిగించాడు. రబ్బరు కాళ్లు ఉన్నాయి. స్టిక్కరు ఉంది. దీపం వెలిగింది. సీట్లు వేసిన ఇన్నేళ్లలో అంత మెత్తగా ఆయన దేన్నీ పట్టుకోలేదు. దీన్ని మాత్రం ఆయన ఎవరికీ చెప్పుకోడు. మిగతావన్నీ చెబుతాడు: కూతురు గిటార్ మీటితే గోదావరి కాసేపు ఆగి విన్నదని, అవతలి ఒడ్డున మహారాష్ట్రవాళ్లు వంతెన దిగి ఈదుకుంటూ వచ్చారని.

రెండు రోజుల తర్వాత తండ్రీ కూతుళ్లు రఘునాథపల్లి పోయారు. ధర్మా చేను నుంచి వచ్చి, కాళ్లు కడుక్కుని, అద్దాలు పెట్టుకుని బోర్డు ముందు కూర్చున్నాడు. ఒక్కో పట్టీ విప్పాడు. ఒక్కో డబ్బీ అడుగున బొటనవేలితో తడిమాడు. ధర్మా ఒక పెడల్‌ను ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. మొహం ముడిచాడు.

"గనీ సాబ్, గీత లేదు, గాటు లేదు. గాని ఈ సబ్బు వాసనేంది?"

గనీ నోరు తెరిచాడు. వాన, నురగ, గేదెలు అన్నీ ఒకేసారి బయటికి రాబోయాయి. అల్ఫియా ఆయన మోచేతి మీద చెయ్యి వేసి ఆపింది.

"నవారు పట్టీకి అంటింది సార్. మా అబ్బా ముందు సబ్బులు కట్టి చూసిండు. మీ డబ్బీలు ఖరాబు కావొద్దని."

ధర్మా విప్పిన పెడల్స్‌ను మళ్లీ వాటి చోట పెట్టడం మొదలుపెట్టాడు. బిగుసుకున్న వేళ్లకు బకిల్ లొంగలేదు. గనీ వంగి బిగించాడు. ఆయన్ను ఈసారి ఎవరూ వద్దనలేదు.

"ఇప్పినంక చూస్తే దిక్కులేనియి లెక్క కనవడ్డయి. ఈ బోర్డు మీదనే ఉండనీ. తీస్కపో బిడ్డా. ఆ వరంగల్ పోరనికి నేను చెప్పుకుంట."

అల్ఫియా బోర్డును ఒళ్లోకి తీసుకుంది.

"ఒక్కటే బాధ గనీ సాబ్," అన్నాడు ధర్మా, వాళ్లు గడప దాటుతుంటే. "నువ్వు ఏ సీటునైన కూసోని చూడంది ఇయ్యవంట గద. దీన్నేం చేసినవ్?"

గనీ రొమ్ము విరుచుకున్నాడు. "కూసున్న ధర్మన్న. సబ్బుల మీద కూసున్న. అప్పటిసంది నా పైజామా ఉతుకుడే లేదు."

రైల్లో మానుకోట దాకా కూతురు నవ్వుతూనే ఉంది. బోర్డు సగం ఆమె ఒళ్లో, సగం తండ్రి ఒళ్లో.